జపాన్ వేలం కారు: గీటురాయి మీద గియ్యకుండా బంగారం కొంటావా తమ్ముడూ?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది ప్రొద్దుటూరు, నాయనది బంగారం అంగడి, నేను కూడా ఆడే కూర్చుంటా, వయసు 27. చిన్నప్పటి నుంచి మాజ్డా ఆర్ఎక్స్-7 అనే జపాన్ స్పోర్ట్స్ కారు అంటే పిచ్చి. బెంగుళూరులో ఒక ఏజెంట్ ఉన్నాడు, జపాన్ వేలంలో 1999 మోడల్ ఉంది, గ్రేడ్ 4, 78 వేల కిలోమీటర్లు తిరిగింది, అన్నీ కలిపి 24 లక్షలు, నంబర్ ప్లేటుతో సహా ఇంటికి తెచ్చిస్తా అంటున్నాడు. టోకెన్ 3 లక్షలు ఈ వారంలోనే కొట్టమంటున్నాడు. అది వద్దంటే ఢిల్లీలో ఇంకొకటి రెడీగా ఉందంట, అరుణాచల్ రిజిస్ట్రేషన్, 32 లక్షలు. కువైట్లో ఉండే మా బావ సగం సర్దుతా అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వేలంలో కొనడంలో రిస్క్ ఏమన్నా ఉంటదా? కారు కండిషన్ గురించి వేలం వాళ్ళు రాసిన షీట్ ఫోటో పెట్టినా, చూసి చెప్పు అన్నా.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 3 లక్షలు పంపొద్దు. ఇంకా పంపలేదంటే మిగతాదంతా నిదానంగా చదువుకో.

వేలంలో రిస్క్ ఉంటదా అని అడిగినావు, ఉంటది, చానా ఉంటది, దాని గురించి కిందికొచ్చి చెప్తా. కానీ నీ విషయంలో అంత దూరం పోనక్కర్లేదు, ఎందుకంటే ఆ కారు మన దేశంలోకి రావడానికే లేదు. బయటి దేశం నుంచి సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకోవాలంటే విదేశీ వ్యాపారం చూసే కేంద్ర శాఖ డీజీఎఫ్‌టీ వాళ్ళ రూల్స్ ఉన్నాయి. కారు తయారైన తేదీ నుంచి 3 ఏళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాల, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాల, హెడ్‌లైట్లు ఎడమ పక్క పొయ్యే ట్రాఫిక్‌కి సరిపోవాల, ఓడ ఎక్కక ముందే ఆ దేశంలో టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోవాల, దిగేది ముంబై పోర్టులోనే, దిగినాక పూణేలో ఏఆర్ఏఐ లాంటి సంస్థలో మళ్ళీ టెస్ట్ చేయించాల. జపాన్ కారు కాబట్టి స్టీరింగూ మీటరూ మనకు సరిగ్గా సరిపోతాయి, ఏజెంట్లు ఈ రెండు ముక్కలే చెప్పి కస్టమర్ని నమ్మిస్తారు. వయసు సంగతి మాత్రం ఎత్తరు. నీ ఆర్ఎక్స్-7 తయారీయే 2002లో ఆగిపోయింది, అంటే ఆ మోడల్‌లో అన్నిటికంటే చిన్న వయసు కారు కూడా 20 ఏళ్ళు దాటిపోయింది. రిపేరు చేయించి వయసు తగ్గించలేం కదా. జపాన్ వాళ్ళ వేరే పాత స్పోర్ట్స్ కార్లు, స్కైలైన్ జీటీఆర్ అయినా పాత సుప్రా అయినా అంతే. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన కార్లకు రూల్స్ సడలిస్తారు, వీడియోల్లో అందరూ చెప్పే ఇరవై అయిదేళ్ళ రూల్ అదే, అది వాళ్ళ దేశానిది, మన రూల్ కాదు. నాకు ఉత్తరాలు రాసే పిల్లోళ్ళలో సగం మంది ఇదే పొరబాటు పడుతున్నారు.

ఇంక 24 లక్షల లెక్క. మీ అంగడికొచ్చినోడికి గ్రాము రేటు ఒక్కటే చెప్పి తరుగు, మజూరీ, జీఎస్టీ చెప్పకుండా బిల్లు దగ్గర బాంబు పేల్చే వ్యాపారి గురించి నువ్వేమనుకుంటావు? ఈడ ఏజెంట్ చేసేది అంతకంటే ఘోరం. వాడిన కారు మీద కస్టమ్స్ సుంకాలే నూటికి నూరు పైన పడతాయి, అది కలిపినాక వచ్చిన మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ, పెద్ద కార్లకు ఇప్పుడు 40 శాతం. కారు ఓడ ఖర్చుతో కలిపి 20 లక్షలు అనుకో, సుంకం ఇంకో 20 పైన, ఆ నలభై మీద జీఎస్టీ 16, అయింది 56 లక్షలకు పైన, ఇంకా మన లైఫ్ ట్యాక్స్ కలపలేదు, ఇన్సూరెన్స్ కలపలేదు. ఇంకొకటి, వేలంలో చవగ్గా పాడినా కస్టమ్స్ వాళ్ళు ఆ చీటీ చూసి తలూపరు, కారు కొత్తప్పుడు రేటు ఎంత, ఎన్ని క్వార్టర్లు వాడినారు, దానికింత తరుగుదల అని వాళ్ళ లెక్క వాళ్ళు కడతారు. ఇదంతా రూల్ ప్రకారం రాగలిగే 3 ఏళ్ళ లోపు కారుకే తమ్ముడూ. రాలేని కారుని 24 లక్షలకు నంబర్ ప్లేటుతో తెచ్చిస్తా అంటున్నాడంటే రెండే అవకాశాలు, అయితే టోకెన్ తీసుకుని ఫోన్ ఆపేస్తాడు, లేకపోతే దొంగ దారిలో తెస్తాడు. రెండోది మొదటి దానికంటే ప్రమాదం.

అది ఎట్లనో చెప్తా, ఎందుకంటే నీ ఢిల్లీ కారు కూడా ఈ కోవలోదే అని నాకు గట్టి అనుమానం. ఒక దారి ఏందంటే కార్నెట్. అది టూరిస్టులు తమ బండి తాత్కాలికంగా తెచ్చుకుని మళ్ళీ వెనక్కి తీసుకుపోవడానికి ఇచ్చే కాగితం, సుంకం ఉండదు, గడువులోపు బండి దేశం దాటాల. కొంతమంది దాని మీద కార్లు తెచ్చి వెనక్కి పంపకుండా ఈడే అమ్మేస్తారు. ఇంకో దారి, స్టీరింగ్ ఎడమ వైపు ఉండే కార్లని దుబాయ్‌లోనో శ్రీలంకలోనో కుడి వైపుకి మార్పించి, విలువ తక్కువ చూపించి దించడం, 2025లో స్మగ్లింగ్ పట్టుకునే డీఆర్ఐ వాళ్ళు పట్టుకున్న కేసులో ఇదే జరిగింది, హైదరాబాద్ షోరూం దాకా వచ్చింది ఆ వ్యవహారం. మూడో దారి భూటాన్. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ఆపరేషన్ నుంఖోర్ అని పెట్టి సినిమా హీరోల ఇళ్ళ దాకా పోయి కార్లు స్వాధీనం చేసుకున్నారు, నుంఖోర్ అంటే భూటాన్ భాషలో బండి అని. ఆ కార్లు భూటాన్ మీదుగా వచ్చి, దొంగ కాగితాలతో హిమాచల్ లాంటి కొండ రాష్ట్రాల్లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ రిజిస్టర్ అయి, ఆ తర్వాత చేతులు మారినాయి. కొన్నోళ్ళలో ఆర్సీ ఉంది కదా అని నమ్మి కొన్నోళ్ళూ ఉన్నారు. ఆర్సీ ఉన్నా అసలు దిగుమతి అక్రమం అయితే కారు పట్టుకుపోతారు, నేను డబ్బిచ్చి కొన్నా సార్ అంటే సరిపోదు, నీ డబ్బు ఎవరిస్తారు? మీ అంగడికి ఎవరో తెచ్చి అమ్మిన సొమ్ము దొంగ సొత్తు అని పోలీసులు వచ్చి రికవరీ చేసుకుపోతే మీ నాయన ఎంత నలిగిపోతాడో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ వ్యాపారంలో పుట్టి పెరిగినోడివి, ఈ భయం నీకు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలా.

అన్ని అరుణాచల్ రిజిస్ట్రేషన్లూ దొంగవి అని నేను అనడం లేదు. కానీ 1999 మోడల్ జపాన్ కారుకి మన దేశంలో ఆర్సీ ఉంది అంటే ముందు అడగాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీ. కస్టమ్స్‌లో సుంకం కట్టి దించినప్పుడు వచ్చే కాగితం అది, నంబర్, తేదీ, పోర్టు, ఛాసిస్ నంబర్ అన్నీ ఉంటాయి, కస్టమ్స్ వాళ్ళ ఐస్‌గేట్ పోర్టల్లో నంబర్ కొట్టి చూసుకోవచ్చు. కాగితం మీద ఛాసిస్ నంబరూ కారు మీద కొట్టిన నంబరూ నీ కంటితో కలిపి చూడాల. జపాన్ లోపల అమ్మిన కార్లకు మన మాదిరి 17 అక్షరాల నంబర్ ఉండదు, ఆర్ఎక్స్-7 అయితే ఎఫ్‌డీ3ఎస్ అని మొదలై పక్కన ఆరు అంకెలు ఉంటాయి. ఆర్సీలో 17 అక్షరాల నంబర్ కనపడి, కారు జపాన్ లోకల్ మోడల్ అని చెప్తే ఆడనే ఆగిపో. బిల్ ఆఫ్ ఎంట్రీ పోయింది, ఫస్ట్ ఓనర్ దగ్గరుంది, తర్వాత పంపిస్తా అంటే కూడా ఆగిపో.

బావ సంగతి కూడా చెప్పేస్తా. మన పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట తట్టు ఇంటికొకరు కువైట్లో ఉంటారు కాబట్టి ఈ ఏజెంట్లు ఎన్ఆర్ఐ పేరు మీద తెద్దాం అని ఇంకో మాట వదులుతారు. శాశ్వతంగా తిరిగొచ్చే వాళ్ళకు ఆ సౌకర్యం ఉన్న మాట నిజమే గానీ అది వాళ్ళు ఆ దేశంలో తమ పేరు మీద పెట్టుకుని వాడుకున్న సొంత కారు కోసం, బామ్మర్ది కోసం జపాన్ వేలంలో పాడిన కారు కోసం కాదు. కువైట్ కార్లకేమో స్టీరింగ్ ఎడమ పక్క. బావతో ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దు, ఎండలో కష్టపడి సంపాదించుకున్న మనిషి, రేపు కస్టమ్స్ నోటీస్ వస్తే ఆయన పేరు మీద వస్తది.

ఇప్పుడు షీట్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే నువ్వు కొనకపోయినా మనోళ్ళు చానామంది న్యూజిలాండ్‌లో, ఇంగ్లాండ్‌లో ఉన్నారు, ఆ దేశాల్లో జపాన్ వేలం కార్లు రూల్ ప్రకారమే తెచ్చుకోవచ్చు, వాళ్ళకన్నా పనికొస్తది. జపాన్‌లో యూఎస్ఎస్ లాంటి పెద్ద వేలం కంపెనీలు ఉన్నాయి, అందులో మెంబర్లయిన డీలర్లే పాడాల, బయటోడు నేరుగా పాడలేడు, కాబట్టి మధ్యలో ఏజెంట్ తప్పనిసరి. వేలానికి ముందు వాళ్ళ ఇన్‌స్పెక్టర్ కారు చూసి షీట్ రాస్తాడు. 5, 4.5, 4, 3.5 అని గ్రేడ్లు, ఆర్ అని ఉంటే ప్రమాదంలో ఛాసిస్ దెబ్బతిని బాగు చేసింది అని. లోపలికి వేరే ఏ, బీ, సీ గ్రేడ్లు. ఒక పక్క కారు బొమ్మ ఉంటది, దాని మీద గుర్తులు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే బాగు చేసినాక మిగిలిన అల, ఎస్ అంటే తుప్పు, ఎక్స్ఎక్స్ అంటే ఆ రేకు మార్చేసినారు. పక్కన 1, 2, 3 అని ఉంటే అది ఎంత పెద్దదో చెప్పేది. సంవత్సరం వాళ్ళ చక్రవర్తి లెక్కలో రాస్తారు, నీ షీట్లో హెచ్ 11 అని ఉంది, అది హెయ్‌సెయ్ 11, అంటే 1999, అంతవరకు ఏజెంట్ చెప్పింది సరిపోయింది.

సరిపోనివి చెప్తా విను. నువ్వు పంపిన ఫోటోలో కారు బొమ్మ సగానికి కట్ అయింది, ఛాసిస్ నంబర్ చివరి అంకెల మీద తెల్ల పట్టీ ఉంది, వేలం తేదీ కనపడదు. కనపడే సగంలో కూడా ముందు ఎడమ ఫెండర్ మీద ఎక్స్ఎక్స్ ఉంది, దాని వెనక తలుపు మీద డబ్ల్యూ2 ఉంది, అంటే ఎడమ పక్క ఏదో తగిలింది. బోల్టులతో బిగించే ఫెండరూ బానెట్టూ మార్చినంత మాత్రాన వాళ్ళు ఆర్ గ్రేడ్ ఇవ్వరు, అసలు ఛాసిస్ దెబ్బతింటేనే ఇస్తారు, అందుకని గ్రేడ్ 4 అనేది అబద్ధం కాకపోవచ్చు, కానీ దెబ్బ తగలని కారు అని కూడా కాదు. కింద చేతిరాతతో జపాన్ భాషలో రెండు లైన్లు ఉన్నాయి కదా, ఏజెంట్ నీకు స్పోర్ట్స్ సైలెన్సర్, కండిషన్ బాగుంది అని చెప్పినాడని రాసినావు. మా మెకానిక్ షెడ్డుకి బండి తెచ్చే ఒక పెద్దాయన కూతురు నగోయాలో ఉద్యోగం చేస్తోంది, ఆ పాపకు పంపి చదివించినా. మొదటి లైన్ సైలెన్సర్ గురించే. రెండో లైన్లో స్టార్ట్ చేసినప్పుడు తెల్ల పొగ వస్తోంది, టర్బో ఒత్తిడి చూపించే బూస్ట్ మీటర్ పని చేయడం లేదు అని ఉంది. నాకు అది వినగానే కడుపు రగిలిపోయింది, ఎందుకంటే ఇంజన్ బాగలేదేమో అని చెప్పే అసలు సంగతి ఆ ఒక్క లైనే, ఆ లైనే నీకు చెప్పలా.

షీట్ ఎంత నిజాయితీగా రాసినా అందులో ఇంజన్ లోపలి ఆరోగ్యం ఉండదు. ఆ ఇన్‌స్పెక్టర్‌కి రోజుకు ఎన్నో కార్లు, పైన కింద చూస్తాడు, స్టార్ట్ చేసి వింటాడు, అంతే, హైవే మీద నడపడు. ఆర్ఎక్స్-7లో ఉండేది రోటరీ ఇంజన్, పిస్టన్లుండవు, రెండు రోటర్లు తిరుగుతాయి, ఒక్కోటి 654 సీసీ, ఒక్కో రోటర్ మూడు కొనల మీద మూడు అపెక్స్ సీళ్ళు, మొత్తం ఆరు. ఆ సీళ్ళు అరిగినాయంటే కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల ఉండాల్సిన ఒత్తిడి, పోయినట్టే, ఇంజన్ విప్పి కట్టాల్సిందే. వాటిని చూడాలంటే రోటరీ కంప్రెషన్ టెస్టర్ అని ప్రత్యేకమైనది కావాల, మామూలు గేజ్‌తో సరిగ్గా తెలీదు. ఆ రిపోర్ట్ లేకుండా రోటరీ కారు కొనడం అంటే హాల్‌మార్క్ లేదు, గీటురాయి మీద గియ్యలా, ఫోటోలో పచ్చగా కనపడుతోంది అని కిలో బంగారం కొన్నట్టు. మీ అంగడికి పాత గొలుసు వస్తే నువ్వు ఏం చేస్తావు, గీసి, యాసిడ్ చుక్క వేసి, టంచ్, అంటే స్వచ్ఛత, ఎంత అని చూసుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వవు కదా. ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత మంచిగా మాట్లాడినా గీస్తావు. మరి సముద్రం అవతల ఉండే కారుకి, ఎప్పుడూ చూడని మనిషికి, ఎందుకు గియ్యకుండానే ఇస్తున్నావు?

పాట అయితే కొన్ని క్షణాల్లో అయిపోతది. ఆ తర్వాత వేలం ఫీజు, ఏజెంట్ కమిషన్, యార్డ్ నుంచి పోర్టుకి లారీ, ఎక్స్‌పోర్ట్ కాగితాలు, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్, ఇవన్నీ ఒకటి తర్వాత ఒకటి వచ్చి పడతాయి. ఓడ ఎక్కినాక బాగలేదు అని వెనక్కిచ్చే పద్ధతి లేదు. ఏదన్నా కాగితం తక్కువై పోర్టులో కారు ఆగిపోతే రోజుకింత అని డెమరేజ్ లెక్క పడతానే ఉంటది. అందుకే న్యూజిలాండ్ తట్టు ఉండేవాళ్ళకు నేను చెప్పేది, పాడక ముందే షీట్ మొత్తం, తేదీతో, ఛాసిస్ నంబర్‌తో తెప్పించుకుని ఆ ఏజెంట్‌కి సంబంధం లేని ఇంకొకరితో చదివించుకోండి, యార్డులో మనిషిని పెట్టి స్టార్ట్ చేసిన వీడియో తీయించుకోండి, అడుగు భాగం ఫోటోలు అడగండి, హొక్కైడో లాంటి మంచు పడే చోట రోడ్ల మీద చల్లే రసాయనాలకి కార్లు కింద నుంచి తుప్పు తింటాయి, పైన అద్దం మాదిరి మెరుస్తానే ఉంటాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నా అంటే నేను దెబ్బ తిన్నా. అనంతపురంలో షెడ్డు పెట్టి 22 ఏళ్ళు, బండి శబ్దం వింటే చెప్పేస్తా అనుకునే ధైర్యం నాది. 2015 డిసెంబర్లో చెన్నై మునిగింది కదా, ఆ తర్వాత ఏడాది మునిగిన కార్లు వేలానికి గుంపులుగా వచ్చినాయి. నేను ఒక రెండు డోర్ల కారు ఫోటోలు చూసి పాడినా, నీళ్ళు టైర్ల వరకే వచ్చినాయి అని రాసి ఉంది, పొయ్యి చూసే తీరిక లేకపోయింది, 9 లక్షలు కట్టినా, అందులో మూడు లక్షలు నా భార్య గొలుసులు తాకట్టు పెట్టి తెచ్చినవి. ఇంటికొచ్చినాక సీటు విప్పితే కింద కార్పెట్లో బురద ఎండిపోయి పెంకులు కట్టింది. నాలుగు నెలలు బాగానే నడిచింది, ఆ తర్వాత ఒక్కో లైటూ వెలగడం మొదలైంది, వైరింగ్ లోపల రాగి పచ్చబడి పొడిగా రాలిపోయింది, ఒక మాడ్యూల్ మారిస్తే ఇంకోటి పోతోంది. చివరికి పార్టులు పార్టులుగా అమ్మినా. గొలుసులు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ ఆమె పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది, నన్ను ఒక్క మాట అనలా. మెకానిక్‌ని నేను, ముందే పొయ్యి సీటు కింద చెయ్యి పెట్టి చూసుంటే అయిదు నిమిషాల్లో తెలిసిపొయ్యేది. అందుకని ఫోటో చూసి కొంటా అనే పిల్లోడు ఎవరన్నా ఉత్తరం రాస్తే నాకు ఆ రోజు నిద్ర పట్టదు.

ఒకవేళ ఏదో మాయ జరిగి ఆ కారు ప్రొద్దుటూరు వచ్చిందే అనుకో. జపాన్‌లో దానికి పోసే పెట్రోల్ దగ్గర దగ్గర 100 ఆక్టేన్, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది, పాతికేళ్ళ కిందటి రబ్బరు పైపులూ సీళ్ళూ దానికి తయారు చేసినవి కావు. రోటరీ ఇంజన్‌కి వేడి అంటే గిట్టదు, మన కడప ఎండాకాలం ఎట్లుంటదో నీకు చెప్పాలా. అపెక్స్ సీళ్ళు కావాలంటే మళ్ళీ బయటి దేశం నుంచే రావాల. నేను కూడా ఆ కారుని ప్రేమిస్తా తమ్ముడూ, ఆ శబ్దం వేరే ఏ ఇంజన్‌కీ రాదు, కానీ ప్రేమించే కారు మన పెరట్లో కవరు కింద చచ్చిపోతా ఉంటే చూడలేం.

మరి ఏం చేయాల? నీ దగ్గర సొంత డబ్బు ఎంతుందో రాయలేదు, బావ సర్దేది పక్కన పెట్టి నీది ఎంతో చూసుకో. మన దేశంలోనే అమ్మిన, మన దేశంలోనే రిజిస్టర్ అయిన, సర్వీస్ రికార్డ్ ఉన్న స్పీడు కార్లు ఉన్నాయి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది, 2016లో వచ్చిన పోలో జీటీఐ ఉంది, కొంచెం తక్కువలో కావాలంటే పోలో జీటీ టీఎస్ఐ, పార్టులు దొరుకుతాయి, చేసే మెకానిక్ దొరుకుతాడు. సర్కారు వాహన్ పోర్టల్లో నంబర్ కొట్టి ఎన్నో ఓనర్, లోన్ ఉందా, ఇన్సూరెన్స్ బ్రేక్ అయిందా చూడు, కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ తీయించు. సీట్ బెల్ట్ చివరి దాకా లాగి మట్టి మరక ఉందేమో చూడు, సీటు బోల్టులు తుప్పు పట్టినాయేమో చూడు, స్పేర్ టైర్ గుంటలో చెయ్యి పెట్టు. డబ్బులు ఇచ్చేది ఓనర్ బ్యాంకు ఖాతాకే, ఎవరో మధ్యవర్తి ఫోన్ నంబర్‌కి కాదు. ఇంక నడపాలన్న కోరిక తీరాలంటే చెన్నై తట్టు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, కడప నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఆడుంటావు, ట్రాక్ డేలు పెట్టినప్పుడు సొంత కారు తీసుకుపోయి ఒక రోజంతా భయం లేకుండా తొక్కొచ్చు. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డు మీద ఆర్ఎక్స్-7తో ఎన్ని సార్లు మూడో గేరు దాటతావు చెప్పు.

ఇంట్లో చెప్పలేదు అన్నావు. మీ నాయనకి చెప్పు. కారు గురించి ఆయనకు తెలియకపోవచ్చు, కానీ ఎదుటి మనిషి అబద్ధం ఆడుతున్నాడా అని కనిపెట్టే చూపు ముప్పై నలభై ఏళ్ళు ఆ గద్దె మీద కూర్చున్నోళ్ళకి ఉంటది. ఏజెంట్‌తో ఆయన ముందర స్పీకర్ పెట్టి మాట్లాడు, షీట్ మొత్తం పంపు, రెండో లైన్లో ఏముందో చదివి వినిపించు, ఢిల్లీ కారు బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్ చెప్పు అని అడుగు, ఆ తర్వాత మీ నాయన మొహం చూడు.

ఇండియా కారు ఏదన్నా నచ్చితే అడ్వాన్స్ ఇవ్వక ముందు నంబర్ పంపు, కారు అనంతపురం దాకా తెచ్చుకోగలిగితే ఇంకా మంచిది. ఆదివారాలు షెడ్డు మూసే ఉంటది, నీ కోసం తెరుస్తా, లిఫ్ట్ మీద ఎక్కించి సీట్లు విప్పి కార్పెట్ ఎత్తి కింద ఏముందో ఇద్దరం కలిసి చూద్దాం.